జారిపడినదని వ్రాసితిని

ముప్పదియొక్క సంవత్సరములు నర్సుగా పనిచేసి 2018లో విరమించితిని. ఇప్పుడు ఉయ్యూరులో మా యింట మనుమరాండ్రకు జడలు వేయుచు, సాయంకాలము ఇరుగుపొరుగువారికి రక్తపుపోటు చూచి పెట్టుచు కాలము గడుపుచున్నాను. నా చేతిమీదుగా వెడలిన ఆసుపత్రి చీట్లు ఎన్ని వేలో నాకు లెక్క లేదు. వానిలో ఒక్కటి మాత్రము అక్షరము పొల్లుపోకుండ జ్ఞాపకమున్నది. 2009వ సంవత్సరమున ఇంగ్లీషులో వ్రాసిన చీటి అది. రోగి స్నానాలగదిలో జారిపడినది. పైపల్లొకటి ఊడినది, ఇంకొకటి విఱిగినది, పెదవి చీలినది. అంతియే. పండ్లును పెదవియు నిజమే. జారిపడుట నిజము కాదని వ్రాయునప్పుడే నాకు తెలియును.

సోదరీమణులు దీనిని చదివి నన్ను నిందింపవచ్చును. ఆ నిందకు వెఱచియే ఇన్నాళ్లు వ్రాయలేదు. కాని మొన్న మా వీథిలోని ఒక యిల్లాలు కంటిక్రింద కమిలిన గుర్తుతో రక్తపుపోటు చూపించుకొనుటకు వచ్చి, నేనడుగకమునుపే "తలుపు తగిలిందండీ పిన్నిగారూ" అనినది. ఆ తలుపుమాట చెవినిబడగానే ఆ పాత చీటి నా కన్నుల యెదుట నిలిచినది.

అది చెఱకు నఱకు కాలము. బందరు రోడ్డుమీద చెఱకు బండ్లు బారులు తీరియుండుటచే మోటారుసైకిలుమీద వచ్చువారికి సయితము దారి దొరకకుండెను. రాత్రి యెనిమిదింటివేళ భర్త వెనుక కూర్చుండి ఆ పిల్ల వచ్చినది. ఇరువదిరెండేండ్లుండును. పమిటచెఱగు నోటికి అదిమి పట్టుకొనియున్నది. వెనువెంటనే అత్తగారు ఆటోలో దిగినది.

"బాత్రూములో జారిపడిందండీ సిస్టరుగారూ. ఎన్నిసార్లు చెప్పినా చూసుకు నడవదు" అని అతడు.

"సబ్బునీళ్లమ్మా, సబ్బునీళ్లు" అని అత్తగారు.

నేను పిల్లవంక తిరిగి "ఎట్లా తగిలిందమ్మా?" అని అడిగితిని. ఆమె నావంక చూడలేదు. అతనివంక చూచినది. అతడే మఱల జవాబు చెప్పెను.

జారిపడినవారిని నేను వందలకొలది చూచియుంటిని. మనిషి పడునప్పుడు చేతులు తమంతట తామే ముందుకు చాచుకొనును. అరచేతులు గీఱుకొనిపోవును, మోకాళ్లు కొట్టుకొనును, గడ్డమో నుదుటి యెముకయో పగులును. ఈమె అరచేతులు శుభ్రముగా నుండెను. మోచేతికిపైన మాత్రము నాలుగు వ్రేళ్ల అచ్చులు వరుసగా నుండెను. నేనవి చూచితిని. చూచి, ఎవరైన చూతురేమోయని రవికచేతిని క్రిందికి లాగితిని.

డాక్టరుగారు ఆవలిగదిలో రోడ్డుప్రమాదపు రోగితో మునిగియుండి, నడుమ వచ్చి పెదవికి కుట్లు వేసి వెడలిరి. ఏమి జరిగినదను గడిలో వ్రాయుట నా వంతు. వ్రాసితిని. భర్త మందులకొఱకును, అత్తగారు ఫోనులో మాటాడుటకును బయటికి పోయినప్పుడు ఆ పిల్లయు నేనును రెండు నిమిషములు ఒంటరిగా నుంటిమి. దొరకక దొరకిన ఆ రెండు నిమిషములలో నేను పలికిన మాట యేమి? "మగవాళ్ల కోపం పాలపొంగమ్మా. నువ్వే కాస్త సర్దుకుపో." ఆమె తల యూపి, చీటి తీసికొని వెడలిపోయినది.

నేనట్లేల చేసితినని తరువాత ఎన్నో మాఱులు తర్కించుకొంటిని. కొట్టిరని వ్రాసినచో పోలీసువారికి తెలుపవలయును. తరువాత సాక్ష్యమునకు న్యాయస్థానపు మెట్లెక్కవలయును. అతడు పదిమందిని వెంటబెట్టుకొని వార్డుమీదికి వచ్చినను రావచ్చును. ఇవి నాడు నాకున్న భయములు. ఒకరి సంసారము నా కలముచేత చెడినదను మాట రాకూడదని యింకొక భయము. చెడుట కెంతో ముందే అది చెడియున్నదని నాకు తోచలేదు.

మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు అని సామెత. నేనును చిన్ననాటినుండి దానిని విని నవ్వినదానినే. ఆ సామెతలో కొట్టుట ఒక వార్త కాదు. వాన కురిసినట్లు, ఎండ కాసినట్లు అది జరిగిపోవు సంగతి. బాధయంతయు నవ్వుటలోనే యున్నది. మఱి నవ్వువారికి తెలియుట ఎట్లు? వీపుమీది వాతను రవిక దాచును. ముఖముమీది దెబ్బను ఏ చీరయు దాచదు. అందుచేతనే ముఖము పగిలిన స్త్రీ నొప్పికంటె ముందు కథను వెదకుకొనును. తలుపు, గడప, సబ్బునీళ్లు, గేదె కొమ్ము, ఇట్లు మన యిండ్లలోని వస్తువులన్నియు ఆ కథలకు సాక్షులుగా నిలువవలసినదే.

2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఆంధ్రప్రదేశమున వివాహితలైన స్త్రీలలో నూటికి ముప్పదిమంది భర్త హింసకు లోనైనట్లు చెప్పిరి. అదే సర్వేలో, ఏదో యొక కారణమునకు భర్త భార్యను కొట్టుట తగునని ఒప్పుకొన్న స్త్రీలు మన రాష్ట్రమున నూటికి ఎనుబదిమందికి పైగా తేలిరి. దేశము మొత్తముమీద హింసకు గుఱియైనవారిలో సహాయము కోరినవారు నూటికి పదునలుగురు మాత్రమే; వారును పుట్టింటివారినే ఎక్కువగా ఆశ్రయించిరి. వైద్యులను సహాయమడిగినవారు అత్యల్పులు. ఇది నాకు మిక్కిలి ఆశ్చర్యమును కలిగించినది. గాయము వైద్యునియొద్దకు వచ్చుచున్నది గదా! గాయము వచ్చుచున్నది, మాట మాత్రము గుమ్మమువెలుపలనే ఆగిపోవుచున్నది.

ముక్కుచెవులు కోయుట మనకు కథలలో క్రొత్తగాదు. తెగిన ముక్కును చెంపచర్మముతో మఱల కూర్చు పద్ధతి సుశ్రుతసంహితలోనే యున్నది. 1889లో జునాగఢ్ వైద్యుడు త్రిభువనదాస్ మోతీచంద్ షా తాను కూర్చిన నూఱు ముక్కుల వృత్తాంతమును ప్రకటించెను. ఈ విద్యలో మన దేశము లోకమునకు గురువైనదని చదివి మేము గర్వపడితిమి. ఇన్ని ముక్కులు ఏల తెగుచుండెనో, వానిలో అనుమానించిన భర్తల చేతికత్తికి తెగినవెన్నియో ఎవరును మాకు పాఠము చెప్పలేదు.

2011లో ఆ పిల్ల తిరిగి వచ్చినది. ఈసారి జారిపడినదని చెప్పుటకు ఆమెకు నోరే తెఱపడలేదు. దవడ విఱిగినది. ఎడమచెంప వాచి కన్ను మూసికొనిపోయినది. మాయొద్ద దానికి చికిత్స లేదు గనుక 108 బండిలో బెజవాడలోని యొక పెద్ద వైద్యశాలకు పంపవలసివచ్చెను. నేను వెంట పోయితిని. ఆ రాత్రి నాకు పని లేకుండినను పోయితిని.

అచ్చట దవడ, ముఖశస్త్రచికిత్స చేయు డాక్టరమ్మ మిక్కిలి చిన్నది. మా పెద్దమ్మాయి యీడుండును. ఆమె మొదట చేసిన పని యేమన, భర్తను, అత్తగారిని, నన్ను కూడ బయటికి పంపుట. "పరీక్ష చేయాలి. మీరు కూడా కాసేపు బయట కూర్చోండి సిస్టరుగారూ" అనినది. నాకు కొంత చిన్నతనముగా తోచినది. ఎవరి మాటకు ఎవరు వెఱచుచున్నారో వచ్చిన వైద్యునికి తెలియదు, కావున అందఱను పంపవలయునని ఆమె తరువాత చెప్పినది. లోపల నడచినది ఆ పిల్లయే పిదప నాకు చెప్పెను. డాక్టరమ్మ కుర్చీ లాగుకొని ఎదురుగా కూర్చుండి, "ఇట్లాంటి దెబ్బలు ఎవరైనా కొట్టినప్పుడు తగలడం నేను చూశానమ్మా. నీకెవరైనా అట్లా చేశారా? చెప్పాలని లేకపోతే చెప్పొద్దు, వైద్యం మాత్రం ఆగదు" అని కాగితమును కలమును చేతికిచ్చెనట. ఏడవ తరగతి వఱకు చదివిన పిల్ల. తెలుగులో ఆఱు పంక్తులు వ్రాసినది. డాక్టరమ్మ ఆ యాఱు పంక్తులను ఉన్నవి ఉన్నట్లుగా, రోగి స్వయముగా తెలిపినదని కేసు కాగితములో ఎక్కించి, గాయములను కొలిచి, ముఖపు చిత్రముమీద గుర్తులు పెట్టి, ఆమె యనుమతితో ఛాయాచిత్రములు తీయించెను.

ముఖమునకు తగిలిన దెబ్బలో పైకి కనబడునది కొంచెమని నాకు ఆ దినముననే బాగుగా బోధపడినది. కొట్టువారిలో అధికులు కుడిచేతివాటము వారగుటచేత దెబ్బలు తఱచు ఎడమవైపుననే యుండును. వాపున్నంతవఱకు చెంపయెముక కుంగినది తెలియదు; చెంపయు పైపెదవియు మొద్దుబాఱినను, నోరు తెఱచుట కష్టమైనను అనుమానింపవలయును. వస్తువులు రెండేసిగా కనబడినచో కంటిగూటి యెముక విఱిగియుండవచ్చును. అట్టివారు ముక్కు చీదరాదు. ముక్కులోపలి నడిగోడలో నెత్తురు గడ్డకట్టి ఉబ్బినప్పుడు వెంటనే తీయింపకున్న ముక్కు కుంగిపోవును. ఒక్క చెంపదెబ్బకే కర్ణభేరి చినిగి చెవుడు వచ్చినవారిని నేనెఱుగుదును. అన్నిటికంటె భయంకరమైనది మెడ. గొంతు నులిమినచో పైకి గుర్తేమియు లేకపోవచ్చును. గొంతు బొంగురుపోవుట, మ్రింగుట కష్టమగుట, కంటి తెలుపులో ఎఱ్ఱని చుక్కలు, ఇవి కనబడినచో ఆలస్యము చేయరాదు. ఒకసారి గొంతు నులిమినవాని చేతిలో ఆ స్త్రీకి ముందు ముందు ప్రాణభయము హెచ్చని పరిశోధకులు చెప్పుచున్నారు. డాక్టరమ్మ ఆమె మెడను వెలుతురులో చాలసేపు చూచినది. 2009లో నేనసలు మెడవంక చూడనేలేదు.

ఇచ్చట గృహిణులకు రెండు మాటలు చెప్పి ముందునకు సాగెదను. తెగినచోట కాఫీపొడి, పసుపు అద్దకుడు. మంచినీళ్లతో కడిగి శుభ్రమైన బట్టతో అదిమి పట్టుడు. పెద్దవారి పల్లు వేరుతో ఊడివచ్చినచో వేరును ముట్టక, పైభాగమును పట్టుకొని, పాలలో వేసి అరగంట గంటలోపల దంతవైద్యునియొద్దకు చేర్పుడు, అతుకుకొనుటకు అవకాశమున్నది. ఆ పిల్ల మొదటి పల్లు వారి దొడ్డిలోనే ఎచ్చటనో పోయినది.

ఎముకకు పలకలు బిగించి, పైపండ్లను క్రిందిపండ్లను తీగెతో కట్టివేసిరి. ఐదు వారములు గంజి, జావ, పప్పుకట్టు, మజ్జిగ. వాంతి వచ్చినచో తీగెను తుంచుటకు చిన్న కత్తెర ఎల్లప్పుడు దగ్గఱ నుంచుకొనవలయును. లేనిచో ఊపిరాడక ప్రమాదము. ఇది పాఠ్యపుస్తకములో నున్నదే. కాని డాక్టరమ్మ అడిగిన ప్రశ్న ఆ పుస్తకములో లేదు. "ఈ ఐదు వారాలు నీకు జావ కాచి పెట్టేదెవరమ్మా? రాత్రి నువ్వు అరవలేవు. ఆ కత్తెర ఎవరి చేతిలో ఉంటుంది?" నోరు కట్టివేయబడిన స్త్రీని, నోరు పగులగొట్టినవాని యింటికే పంపుచున్నామను సంగతి అంతవఱకు నాకు తట్టలేదు. నేనైనచో మందుల చీటి చేతికిచ్చి పంపియుందును.

ఆమె మఱికొన్ని అడిగెను. ఈమధ్య కొట్టుట హెచ్చినదా, చంపెదనని బెదిరించెనా, బిడ్డమీద చేయి చేసికొనుచున్నాడా, నీకు ఎక్కడికైన పోవలెనని యున్నదా? మూడేండ్ల బిడ్డ అత్తగారింటనే యున్నాడు. కేసు పెట్టుమని గాని వద్దని గాని డాక్టరమ్మ అనలేదు. దివిసీమలో అవనిగడ్డ దగ్గఱనున్న అన్నగారి ఫోను నెంబరు మాత్రము ఆ పిల్ల వ్రాసి యిచ్చినది. తెల్లవాఱులోపల అన్నయు వదినెయు వచ్చిరి. ఆ వదినెగారిని నేను మఱువలేను. వచ్చుచునే బిడ్డను కూడ వెంటబెట్టుకొని వచ్చినది. ఎట్లు తెచ్చినదో నేనడుగలేదు.

నాలుగవ దినమున అద్దము సంగతి వచ్చినది. మా కాలములో ముఖము చెడిన రోగులకు అద్దము కనబడకుండ దాచెడివారము. అది దయ యనుకొంటిమి. అద్దము లేకున్నను స్టీలుగ్లాసు ఉన్నది, కిటికీ అద్దమున్నది, చూచువారి కన్నులున్నవి. దాచినకొలది తన ముఖము చూడరానిదైనదని రోగి నిశ్చయించుకొనును. డాక్టరమ్మ దాచలేదు, ఎదుట పెట్టనులేదు. "చూసుకోవాలనిపించినప్పుడు చెప్పు, పక్కన ఎవరుండాలో కూడా చెప్పు" అనినది. ఆ పిల్ల వదినెను ఉండుమనెను. వాపు ఎంత తగ్గునో, కుట్లమచ్చ మొదట ఎఱ్ఱగానుండి ఏడాదికి పైగా నెమ్మది నెమ్మదిగా పండుననియు, చెంపలో కొంత పల్లము నిలిచిపోవచ్చుననియు ముందే చెప్పి యుంచిరి. అద్దములో చూచుకొని ఆమె ఏడ్వలేదు. మచ్చను వ్రేలితో తడవి, ఆ చేతినే చూచుచున్నట్లు చాలసేపు ఊరకున్నది. ప్రమాదమువలన కలిగిన మచ్చ వేఱు. ఈ మచ్చను చూచుకొన్నప్పుడెల్ల కొట్టినవాడు గదిలోనికి వచ్చినట్లే యుండునట. దానికి కూడ వైద్యమున్నది. మనోవైద్యునియొద్దకు పంపుట పిచ్చియని కాదు, ఆ చేతిని గదినుండి వెడలగొట్టుటకని వార్డులోని నర్సు ఒకామె విడమరచి చెప్పినది. ఎంత చక్కగా చెప్పినది!

గృహహింస నిరోధక చట్టము 2005లో పుట్టి, 2006 అక్టోబరు 26నుండి అమలులోనికి వచ్చినది. అడిగిన స్త్రీకి వైద్యసహాయము చేయుట ఆసుపత్రి విధి యని అందు ఏడవ సెక్షను చెప్పుచున్నది. ముందుగా ఎచ్చటను ఫిర్యాదు చేయలేదను నెపమున వైద్యము నిరాకరింపరాదు. సంఘటన నివేదిక లేకున్న ఆసుపత్రివారే దానిని వ్రాసి రక్షణాధికారికి పంపవలయును. పరీక్షాపత్రపు నకలు ఆ స్త్రీకి ఉచితముగా ఇయ్యవలయును. ఇవన్నియు నేను ఆ జారిపడిన చీటి వ్రాయునాటికే అమలులో నున్నవి. ఇంకొక సంగతి. పల్లు విఱుగుటయు ఎముక విఱుగుటయు, ముఖము శాశ్వతముగా వికృతమగుటయు 1860నాటి శిక్షాస్మృతిలోనే తీవ్రగాయములు. 2024 జూలై 1నుండి దాని స్థానమున వచ్చిన భారతీయ న్యాయసంహితలోను అంతే. అనగా నేను సబ్బునీళ్ల ఖాతాలో వ్రాసినది చట్టము దృష్టిలో తీవ్రగాయము.

2012లో ఆ పిల్ల రక్షణయు భరణమును కోరి న్యాయస్థానమున అర్జీ పెట్టుకొన్నది. కొన్నాళ్లకు నాకును పిలుపు వచ్చినది. ఏ సాక్ష్యమునకు వెఱచి ఆనాడు అట్లు వ్రాసితినో ఆ సాక్ష్యమే తప్పలేదు. అతని తరపు ప్లీడరుగారు చీటి చూపి "ఇది మీ చేతివ్రాతేనా?" అనిరి. అవునంటిని. ఈమె తఱచు పడిపోవు మనిషియనియు, రెండవసారియు అట్లే పడినదనియు వారి వాదము. ఆ పిల్ల తరపు లాయరమ్మ లేచి "జారిపడ్డానని రోగి తన నోటితో చెప్పిందా?" అని అడిగినది. లేదు, భర్త చెప్పెనంటిని. "మరి 'భర్త చెప్పినది' అని ఎందుకు రాయలేదండీ?"

నాయొద్ద జవాబు లేదు. నిజము కనిపెట్టుమని నన్నెవరును అడుగలేదు. ఎవరు చెప్పిరో రెండు మాటలు చేర్చియుండిన చాలును. జబ్బమీది అచ్చులను చూచినవి చూచినట్లు వ్రాసిన చాలును. ఆ పిల్ల బోనులో నిలువబడిన నావంక చూచుచున్నది. కోపముతో కాదు. కోపముతో చూచియుండిన బాగుండునని అనుకొంటిని.

బెజవాడ కాగితములు ఆమెను నిలబెట్టినవి. ఆఱు పంక్తులు, కొలతలు, ఛాయాచిత్రములు, తేదీ, వేళ. ఆమె కోరిన రక్షణ యుత్తరువు వచ్చినది. నెలకింతయని భరణము వచ్చినది, వాయిదాలు తప్పుచునైనను.

తరువాత నా ఉద్యోగములో మిగిలిన యేడేండ్లు నేను వేఱుగా పనిచేసితినని చెప్పుకొనవచ్చును. ముంబయి బాంద్రాలోని భాభా ఆసుపత్రిలో 2000వ సంవత్సరముననే "దిలాసా" అను పేర ఇట్టి స్త్రీలకొఱకు ఒక విభాగమును తెఱచిరని అప్పుడు తెలిసికొంటిని. 2013లో ప్రపంచ ఆరోగ్యసంస్థవారు వైద్యులకును నర్సులకును మార్గదర్శకములు వెలువరించిరి. అందున్నదంతయు పెద్ద విద్యయేమియు కాదు. వినుము, ఆమెకేమి కావలెనో అడుగుము, నమ్ముచున్నాననియు తప్పు నీది కాదనియు చెప్పుము, ఇంటికి పోయిన క్షేమమా యని ఆలోచింపుము, తోడ్పడువారిని చూపుము. వచ్చిన ప్రతి స్త్రీని అడుగుమని వారనలేదు, గుర్తులు కనబడినప్పుడు అడుగుమనిరి, అదియు ఒంటరిగా. రెండేండ్లు దాటిన బిడ్డ చెవిని సయితము పడరాదనిరి.

ఒంటరిగా నుంచుట మన ఆసుపత్రులలో ఎంత కష్టమో మీరెఱుగుదురు. ఒక రోగికి నలుగురు తోడు. అందుచేత మూత్రపరీక్షకని పంపుట నేను నేర్చిన ఉపాయము. ఆడవారి స్నానాలగదిలోనికి భర్త రాడు గదా. ఆ తలుపు లోపలివైపున 181 నెంబరు వ్రాసిన కాగితము నంటించితిని. అది స్త్రీలకొఱకు రాత్రింబగళ్లు పలుకు ఫోను. ఏ స్నానాలగదులలో జారిపడితిమని వారు చెప్పుచుండిరో ఆ స్నానాలగదిలోనే ఆ కాగితము. రెండునాళ్ల కొకసారి ఎవరో చింపివేసెడివారు. మఱల అంటించెడిదానను. 2015నుండి ప్రభుత్వమువారు జిల్లాలలో వన్ స్టాప్ సెంటర్లు పెట్టుచు వచ్చుటచేత ఎచ్చటికి పంపవలయునో చెప్పుటకు ఒక చోటైన దొరకినది. వైద్యము, పోలీసు, న్యాయసలహా, కొన్నాళ్ల వసతి అన్నియు ఒక్క గడపలో.

అడిగినవారిలో అధికులు లేదనియే చెప్పిరి. ఒకామె నన్ను తిట్టినది. ఒకామె మూడవసారి వచ్చినప్పుడు, మొదటిసారి మీరడిగినది జ్ఞాపకమున్నదనినది. అడుగుటయనగా రాబట్టుట కాదని తెలిసికొనుటకు నాకు చాల కాలము పట్టినది.

మీలో ఆసుపత్రికి రోగులుగా కంటె వెంటవచ్చువారుగా వచ్చునదే యెక్కువ. అక్కగా, అత్తగా, వదినెగా, పొరుగింటి పిన్నిగా వత్తురు. మిమ్ము కొంచెము బయట కూర్చుండుమని నర్సు అడిగినప్పుడు నావలె చిన్నబుచ్చుకొనకుడు. లేచి పొండు, మగవారిని కూడ మాటలలో పెట్టి తీసికొనిపొండు. ఎట్లు తగిలినదని అడిగినప్పుడు ఆమె బదులు మీరు జవాబు చెప్పకుడు. చీట్లు పారవేయక దాచుడు. మీ యింటనే దాచుడు, ఆమె యింట దొరకినచో కాల్చివేతురు. ముఖము చూడవచ్చినప్పుడు "అయ్యో, బంగారంటి ముఖం పాడైపోయిందే" అని బుగ్గలు నొక్కుకొనకుడు. ఆ పిల్లకు ఆ మాట పదుమువ్వురు చెప్పిరట, ఆమె లెక్కపెట్టుకొనియున్నది.

ఈ "ముఖానికేమైంది" అను ప్రశ్నకు ముందుగానే జవాబు కూర్చుకొనుమని వార్డులోని నర్సు ఆమెకు నేర్పెను. "దెబ్బ తగిలిందండీ, తగ్గింది" అను మూడు మాటలు పలికి, మాట మార్చివేయుట. తీగెలు విప్పిన తరువాత ఆమె దానిని అభ్యసించుట నేను విన్నాను.

2013 మాఘమాసమున మా ఉయ్యూరు వీరమ్మతల్లి తిరునాళ్లకు ఆమె వదినెతో వచ్చినది. శుద్ధ ఏకాదశినాడు మొదలై పదునైదు దినములు సాగు ఆ తిరునాళ్లలో జనమెంత యుందురో ఈ ప్రాంతమువారికి చెప్పనక్కఱలేదు. అంతమంది ముఖములలోనికి తన ముఖమును తెచ్చుట అదే మొదటిసారి. పమిట నెత్తిమీద కప్పుకొనలేదు. గాజుల దుకాణములో ఆమె చేతికి గాజులు తొడుగుచున్న ముసలమ్మ, చేయి వదలకయే, "ముఖానికేమైందే తల్లీ?" అనినది. నేను ప్రక్కనే యుంటిని. మూడు మాటలు వచ్చునని ఎదురుచూచితిని.

"కొట్టాడు మామ్మగారూ. ఇప్పుడక్కడ లేను" అనినది. ముసలమ్మ గాజును మణికట్టువఱకు ఎక్కించి, మఱొకటి తీసి, "ఇది నా తరపున వేసుకో" అనినది.

ఇంటికి వచ్చిన తరువాత ఆ పిల్ల సంచిలోనుండి కాగితముల కట్ట తీసి, నా పాత చీటి నకలు పైకి లాగి, "ఇందులో ఏం రాశారో ఒక్కసారి తెలుగులో చదివి చెప్పండి సిస్టరుగారూ. ఇంగ్లీషు కదా, నాకెవరూ పూర్తిగా చెప్పలేదు" అనినది. చదివితిని. విని, మడిచి, మఱల కట్టలోనే పెట్టుకొన్నది.

మా వీథి యిల్లాలి సంగతి మిగిలినది. తలుపు తగిలినదని చెప్పిన నాడు నేను మనుమరాండ్రను పెరటిలోనికి పంపి, వాకిలి చేరవేసి, ఎదురుగా కూర్చుండి అడిగితిని. లేదండీ పిన్నిగారూ, తలుపే, అనినది. సరేనంటిని. కంటిచూపు రెండుగా నున్నదేమో చూచితిని, మెడ చూచితిని. రక్తపుపోటు కొంచెము హెచ్చుగా నున్నది, మంగళవారము మఱల రమ్మంటిని. నిజమునకు అంత హెచ్చేమియు లేదు. నా పుస్తకములో ఆమె పేరునకెదురుగా తేదీ వేసి, ఎడమకంటిక్రింద కమిలిన గుర్తు ఎంత వెడల్పో కొలిచి, తలుపు తగిలినదని ఆమె చెప్పినది అని వ్రాసితిని.